"తెలియక చేసితిని" అన్నవాడు "పాపులలో ప్రధానుడను" అని ఎందుకన్నాడు?

కాకినాడ_కెరటం · ఆదివారం రాత్రి 9:12

అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం మా యూత్‌కి నేను పాఠం చెప్పాలి. బైబిల్లో పౌలు ఉత్తరం (పత్రిక) 1 తిమోతి మొదటి అధ్యాయం ఇచ్చారు. చదువుతూ ఒకచోట ఆగిపోయాను. రెండు రోజులుగా బండి అక్కడే ఉంది.

13వ వచనంలో పౌలు తన పాత సంగతి (సౌలు అని పిలవబడే రోజుల్లో క్రైస్తవ సంఘాన్ని హింసించిన సంగతి) చెబుతూ "తెలియక అవిశ్వాసమువలన చేసితిని గనుక కనికరింపబడితిని" అంటాడు. రెండు వచనాలు దాటగానే 15లో, క్రీస్తు రక్షించడానికి వచ్చిన పాపులలో "నేను ప్రధానుడను" అంటాడు.

తెలియక చేశాను అంటే నా తప్పు అంత పెద్దది కాదనే కదా మనం మామూలుగా అనుకునేది? బస్సులో ఎవరి కాలో తొక్కితే "చూసుకోలేదండి" అంటాం, వాళ్ళూ ఊరుకుంటారు. మరి తెలియక చేసినవాడే ప్రధానుడైతే, తెలిసి యేసును పట్టించిన ఇస్కరియోతు యూదాను ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇప్పటి పిల్లలు ఇలాంటివి అడక్క మానరు. నాకే జవాబు లేదు.

సీయోను_బ్రదర్ · 9:20

అంతా కృప బ్రదర్. లెక్కలు వేయకండి. మధ్యలో 14వ వచనం ఉంది చూడండి, కృప "అత్యధికముగా విస్తరించెను". పౌలే "వెనుకనున్నవి మరచి" అన్నాడు. ఆయన మరిచిపోయినదాన్ని మనం తవ్వడం ఎందుకు?

కాకినాడ_కెరటం · 9:31

మరిచిపోయాడా బ్రదర్? అపొస్తలుల కార్యములు 22లో జనం ముందు చెప్పాడు, 26లో అగ్రిప్ప రాజు ముందు చెప్పాడు. గలతీయులకు రాశాడు, కొరింథీయులకు రాశాడు, ఫిలిప్పీయులకు రాశాడు. మీరన్న "వెనుకనున్నవి మరచి" కూడా ఆ ఫిలిప్పీ పత్రికలోదే. సంఘాన్ని హింసించానని చెప్పిన అధ్యాయంలోనే ఉంది. మరిచినవాడు ఇన్నిసార్లు చెప్పుకోడు కదా.

బెరయ_పాఠకుడు · 10:05

కెరటం గారూ, మీ చిక్కంతా "తెలియక" అన్న మాటను మన బస్సు తెలుగులో చదవడం వల్ల వచ్చింది. పౌలు చదువుకున్నది ధర్మశాస్త్రం. అక్కడ "తెలియక" అంటే "తప్పు లేదు" అని కాదు.

సంఖ్యాకాండము 15 తీయండి. పాపాన్ని రెండు రకాలు చేస్తుంది. ఒకటి పొరబాటున చేసేది, హీబ్రూలో షెగాగా. రెండోది చెయ్యెత్తి చేసేది, మన బైబిల్లో "సాహసించి" అని ఉంటుంది. సాహసించి చేసినవాడిని జనంలోనుంచి కొట్టివేయాల్సిందే, వాడి దోషశిక్షకు వాడే బాధ్యుడు. పొరబాటున చేసినవాడికి మాత్రం దారి ఉంది. కానీ ఆ దారిలో వాడు ఏడాది మేకపిల్లను తోలుకుని రావాలి. లేవీయకాండము 4వ అధ్యాయమంతా ఇదే. ప్రధాన యాజకుడు తెలియక చేస్తే కోడె, అధికారి చేస్తే మేకపోతు, మామూలు మనిషి చేస్తే ఆడమేకపిల్ల. పొరబాటుకి కూడా రక్తం పడుతుంది.

అంటే 13వ వచనం "నా తప్పు చిన్నది" అని చెప్పడం లేదు. "నా తప్పు క్షమాపణకు తలుపు ఉన్న రకం" అని చెబుతోంది. తలుపు ఉండటం వేరు, బాకీ లేకపోవడం వేరు. లూకా 12లో కూడా యజమాని ఇష్టం తెలిసి చేయని దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేసినవాడికి కొద్ది దెబ్బలు. కొద్దివే అయినా దెబ్బలే.

ప్లీడర్_రాజమండ్రి · 10:48

నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు. బైబిలు పండితుణ్ణి కాదు, చర్చికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వెళ్ళేవాణ్ణి. కానీ ఈ కేసు నాకు నచ్చింది, ముద్దాయి తరఫున ఒకసారి వాదిస్తాను.

నా క్లయింటు సౌలు రౌడీ కాదు. ద్వితీయోపదేశకాండము 13 ప్రకారం వేరే దేవుళ్ళ వెంట తిప్పేవాడు సొంత అన్నదమ్ముడైనా కటాక్షించకూడదు, రాళ్ళతో కొట్టాలి. అది ఆయనకు చట్టం. విశ్వాసులను పట్టుకోవడానికి దమస్కుకు ఊరికే పోలేదు, ప్రధాన యాజకుడి దగ్గర పత్రికలు తీసుకుని పోయాడు. అంటే ఆర్డర్ కాపీ చేతిలో ఉంది. క్రీస్తును నమ్మినందుకు రాళ్ళతో చంపబడిన స్తెఫను మీద ఒక్క రాయి వేశాడని కూడా రికార్డులో లేదు. రాళ్ళు వేసినవాళ్ళ బట్టలకు కాపలా ఉన్నాడు, అంతే.

ఇప్పుడు ఎదుటి పక్షం నుంచి నేనే లేస్తాను. మన పాత ఐపీసీ 79వ సెక్షన్ (2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 17) ఏమంటుందంటే, వాస్తవం విషయంలో పొరపడి, సద్భావంతో, చట్టం నన్ను సమర్థిస్తుందని నమ్మి చేస్తే నేరం కాదు. చట్టం విషయంలోనే పొరపడితే మాత్రం కుదరదు. ఇందులో అసలు కిటుకు "సద్భావం" దగ్గర ఉంది. మంచి మనసుతో చేశానంటే సరిపోదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావం కాదని పాత 52వ సెక్షన్ నిర్వచనం. మనసెంత శుభ్రంగా ఉందన్నది కాదు, కనుక్కోవడానికి ఎంత ప్రయత్నించావన్నదే ప్రశ్న.

ఇక బట్టల సంగతి. "నేను కొట్టలేదండి, వాళ్ళ సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డాను" అనే ముద్దాయిలు మాకు వారానికి ఇద్దరు. అందరి ఉద్దేశం ఒకటే అయినప్పుడు గుంపులో ఉన్న ప్రతివాడూ అందులో వాడేనని పాత 149.

బెరయ_పాఠకుడు · 11:02

బట్టల గురించి ఒకమాట. ద్వితీయోపదేశకాండము 17:7 ప్రకారం మొదటి రాయి సాక్షులు వేయాలి. కార్యములు 7:58లో బట్టలు విప్పి సౌలు పాదాల దగ్గర పెట్టినవాళ్ళు ఆ సాక్షులే. ఆయన నిలబడింది ఎక్కడో వెనకాల కాదు, మొదటి రాళ్ళు లేచినచోట. తరువాత 22:20లో తనే చెప్పాడు, దగ్గర నిలిచి సమ్మతించాను, చంపినవారి వస్త్రాలకు కావలి ఉన్నాను అని. 26:10లో చంపేటప్పుడు "సమ్మతించితిని" అని మనకి ఉన్నచోట గ్రీకు మాట గులకరాయి వేయడం, అంటే ఓటు వేయడం. నిజంగా ఓటున్న సభ్యుడా, లేక మాటవరసకు అన్నాడా అన్నది పండితులు తేల్చలేదు.

ప్లీడర్_రాజమండ్రి · 11:09

అయితే డిఫెన్సు కట్టిపెట్టాను.

ప్రశ్నల_పుట్ట · సోమవారం ఉదయం 7:30

అందరూ 1 తిమోతి పౌలే రాశాడన్నట్టు మాట్లాడుతున్నారు. తిమోతికి రాసిన రెండూ, తీతుకు రాసినదీ పౌలు తరువాత ఆయన పేరుతో ఎవరో రాసినవని చాలామంది పండితుల అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఒక ప్రయోగం చేయండి. ఎవరూ అనుమానించని పత్రికలు మాత్రమే పక్కన పెట్టుకుని చదవండి. గలతీ 1, 1 కొరింథీ 15, ఫిలిప్పీ 3. హింసించాను అంటాడు, నాశనం చేయజూశాను అంటాడు, అపొస్తలుడినని పిలవబడే యోగ్యత లేదంటాడు. "తెలియక" అన్నమాట ఒక్కచోటా లేదు!

సాకు తరువాతి కలానిది. పౌలుది కాదు.

సీయోను_బ్రదర్ · 7:52

దైవావేశం వలన కలిగిన లేఖనాన్ని కలం అంటున్నారా? ఇలాంటివి చదివే పిల్లలు చెడిపోతున్నారు. దమస్కు దారిలో క్రీస్తు కనబడి గుర్రం మీదనుంచి పడ్డాక ఆ సౌలు చచ్చాడు. పౌలు పుట్టాడు. పేరే మారిపోయింది. చచ్చినవాడి మీద కేసు ఏమిటి ప్లీడర్ గారూ?

ప్రశ్నల_పుట్ట · 8:01

గుర్రం ఏ వచనంలో ఉంది బ్రదర్?

సీయోను_బ్రదర్ · 8:03

కార్యములు తొమ్మిదో అధ్యాయం.

ప్రశ్నల_పుట్ట · 8:04

లేదు. నేలమీద పడ్డాడని ఉంది. గుర్రం బొమ్మల్లోంచి వచ్చింది. కారవాజ్జో 1601 ప్రాంతంలో వేసిన పటంలో గుర్రమే సగం పటం. తెలుగు కేలెండర్ల మీద కూడా అదే గుర్రం.

అడ్మిన్ · 8:40

గుర్రాన్ని వదిలేయండి. ఎవరి విశ్వాసాన్నీ ఎగతాళి చేయవద్దు, ప్రశ్న అడిగినవాళ్ళని చెడిపోయినవాళ్ళు అనవద్దు. కొనసాగించండి.

బెరయ_పాఠకుడు · 9:15

గుర్రం చిన్న విషయమే గానీ పేరు చిన్న విషయం కాదు. "సౌలు పౌలుగా మారాడు" అన్నది మన ప్రసంగాల్లో సామెత అయిపోయింది. వచనంలో మాత్రం దమస్కు తరువాత కూడా చాలాకాలం ఆయన సౌలే. దమస్కులోని విశ్వాసి అననీయ "సౌలా, సహోదరుడా" అనే పిలిచాడు. అంతియొకయలో సౌలే. కార్యములు 13:9లో, కుప్రలో (సైప్రస్), సెర్గి పౌలు అనే అధిపతి ముందు "పౌలు అనబడిన సౌలు" అని మొదటిసారి వస్తుంది. రెండు పేర్లూ ఉన్న మనిషి, రోమా లోకంలోకి వెళ్తూ రోమా పేరు వాడాడు. పేరు మార్పిడి అన్నమాటే అక్కడ లేదు.

ఎందుకు చెబుతున్నానంటే రెండు పేర్లు మనకి భలే వీలుగా ఉన్నాయి. పాపం సౌలు ఖాతాలో, పత్రికలు పౌలు ఖాతాలో. ఆయన మాత్రం అలా పంచుకోలేదు. 1 కొరింథీ 15:9లో "దేవుని సంఘమును హింసించినందున అపొస్తలుడనబడుటకు యోగ్యుడను కాను" అంటాడు. యోగ్యుడను *కాకపోతిని* అనలేదు. ఆ పత్రిక రాసేసరికి దమస్కు జరిగి దాదాపు ఇరవై ఏళ్ళు. ఇంకా "కాను".

లాటిన్_మేష్టారు · 11:20

మేము కథోలికులం, ఆలస్యంగా వచ్చాను. ఇది ఇవాళ్టి తగువు కాదు. 12వ శతాబ్దంలో పారిస్‌లో పీటర్ అబెలార్డ్ అనే గురువు దీన్ని చివరిదాకా లాగాడు. పాపం అంటే దేవుణ్ణి తృణీకరించి మనసు సమ్మతించడం, చేత కాదు అన్నాడు. అలాగైతే క్రీస్తును సిలువ వేసినవాళ్ళు అది దేవుడికి ఇష్టమని నమ్మి చేస్తే? వాళ్ళది అసలు అర్థంలో పాపం కాదు, పైగా మనస్సాక్షికి విరుద్ధంగా వదిలేసి ఉంటే ఇంకా పెద్ద తప్పయ్యేది అన్నాడు. సాన్స్ పట్టణంలో సభ పెట్టి ఆ మాట మీద దోషం మోపారు. క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు వెంటపడి మరీ చేయించాడు.

తరువాతి శతాబ్దంలో థామస్ అక్వినాస్ మధ్యలోకి లాగాడు. మనస్సాక్షి పొరబడినా దాన్ని ధిక్కరించి నడవడం తప్పే, అంతవరకు అబెలార్డుతో సరే. కానీ దాని మాట విన్నంత మాత్రాన తప్పు పోదు. ఆయన ఉదాహరణ కొంచెం పచ్చిగా ఉంటుంది, యూత్‌కి చెప్పకండి. తన భార్యే అనుకుని పరాయి స్త్రీ దగ్గరకు వెళ్ళినవాడికి మన్నింపు ఉంది. పరాయివాడి భార్య దగ్గరకు వెళ్ళడం ధర్మమే అని నమ్మి వెళ్ళినవాడికి లేదు. ఎందుకంటే అది తెలుసుకోవాల్సిన సంగతి.

ప్లీడర్ గారూ, మీ 79వ సెక్షనూ ఇదీ అన్నదమ్ముల్లా లేవూ?

ప్లీడర్_రాజమండ్రి · 12:05

ఉన్నాయి మేష్టారూ. అయితే నా ప్రశ్న అదే. సౌలు తెలుసుకోగలిగేవాడా? నా దగ్గర ఒక సాక్షి ఉన్నాడు. గమలీయేలు. కార్యములు 22:3లో సౌలు తనే చెప్పుకున్నాడు, ఆయన పాదాల దగ్గర చదువుకున్నానని. ఆ గమలీయేలే 5వ అధ్యాయంలో సభలో లేచి, ఈ మనుషుల జోలికి పోకండి, ఇది మనుషులది అయితే దానంతటదే పోతుంది, దేవునిది అయితే మీరు దేవునితో పోరాడేవాళ్ళవుతారు జాగ్రత్త అన్నాడు. రాళ్ళు పడింది 7లో. సొంత గురువు హెచ్చరిక ఇచ్చాక కూడా "తెలియక" అంటే ఏ జడ్జీ వినడు.

బెరయ_పాఠకుడు · 12:31

ఆ సభలో సౌలు ఉన్నాడని లేదు. అపొస్తలులను కూడా బయటికి పంపించాకే గమలీయేలు మాట్లాడాడు.

ప్లీడర్_రాజమండ్రి · 12:40

తలుపులు మూసి చెప్పిన మాట కార్యములు రాసిన లూకాదాకా వచ్చింది, సొంత శిష్యుడిదాకా పోలేదంటారా? :)

పోతన_అభిమాని · మధ్యాహ్నం 2:10

నేను క్రైస్తవుణ్ణి కాదు, చదువుతూ కూర్చున్నాను. అభ్యంతరం లేకపోతే ఒకటి. మాకు దశరథుడు ఉన్నాడు. చీకట్లో సరయూ ఒడ్డున కుండ నిండే చప్పుడు విని ఏనుగు అనుకుని బాణం వేశాడు. ముని కుమారుడు పోయాడు. తండ్రి శాపం ఇస్తూనే ఒకమాట అంటాడు, తెలియక చేశావు కాబట్టి బతికి ఉన్నావు, తెలిసి చేసి ఉంటే నువ్వే కాదు, నీ వంశమే ఉండేది కాదు అని. బెరయ గారు చెప్పిన సంఖ్యాకాండము లాగే, తెలియనితనం శిక్ష స్థాయి మార్చింది గానీ శిక్షను తీసేయలేదు.

అయితే దశరథుడికీ మీ సౌలుకీ తేడా కనబడుతోంది. దశరథుడికి తెలియనిది అక్కడున్నది ఎవరో. తెలిసిన క్షణంలో కుండ నింపుకుని, తనే నడిచి వెళ్ళి, గుడ్డి తల్లిదండ్రులకు "చంపింది నేనే" అని చెప్పాడు. సౌలు స్తెఫను ఇంటికి వెళ్ళాడా?

కాకినాడ_కెరటం · 2:45

లేదండి. అలాంటిది ఎక్కడా రాసి లేదు. నేనిప్పుడే వెతికాను, ఆయన పత్రికల్లో స్తెఫను పేరే రాదు. కార్యములు 22లో ఒక్కసారి, అదీ ప్రార్థనలో ప్రభువుతో చెప్పినట్టు.

సీయోను_బ్రదర్ · 3:15

యెరూషలేము పేదల కోసం చందా ఎత్తాడు కదా. గలతీ, కొరింథీ, రోమా అన్నిటిలో ఉంది. ఎవరిని పాడుచేశాడో వాళ్ళకే తన చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చాడు. అది నష్టపరిహారం కాదా?

(పొద్దున తొందరపడ్డాను, ప్రశ్నల_పుట్ట గారు ఏమీ అనుకోవద్దు.)

ప్రశ్నల_పుట్ట · 3:32

అనుకోలేదు బ్రదర్. ఈ పాయింటు బాగుంది, నాకు తట్టలేదు. కానీ పౌలు ఆ చందాకు చెప్పిన కారణం వేరు. రోమా 15లో, అన్యజనులు (యూదులు కానివాళ్ళు) యూదుల ఆత్మ సంబంధమైన వాటిలో పాలు పొందారు కాబట్టి శరీర సంబంధమైన వాటితో సహాయం చేయాలి అంటాడు. బాకీ అన్నది నిజమే, కానీ అది అన్యజనుల బాకీ. నేను పెట్టిన బాధకు అని ఒక్క ముక్క అనలేదు. పన్ను వసూలుదారు జక్కయ్యను చూడండి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకి నాలుగంతలు అని నోటితో చెప్పాడు.

బెరయ_పాఠకుడు · సాయంత్రం 6:50

ఇంకో తెలుగు చిక్కు విప్పాలి. ఫిలిప్పీ 3:6లో "ఆసక్తివిషయము సంఘమును హింసించువాడను" అని ఉంది. ఈ కాలం పిల్లలకు ఆసక్తి అంటే క్రికెట్ మీద ఆసక్తి, సినిమాల మీద ఆసక్తి. ఇక్కడ అది కాదు. దేవుని కోసం రగిలే రోషం. దాని వెనక యాజకుడు ఫీనెహాసు ఉన్నాడు. సంఖ్యాకాండము 25లో ఈటె పట్టుకుని ఇద్దరిని పొడిచాడు, తెగులు ఆగింది. 106వ కీర్తన ఆ పని అతనికి నీతిగా ఎంచబడిందని అంటుంది. సౌలు పెరిగింది ఆ రోషాన్ని మెచ్చుకునే ఇంట్లో. హింసించడం ఆయనకు మచ్చ కాదు, సర్టిఫికెట్. అందుకే ఆ జాబితాలో వెంటనే "అనింద్యుడను" అని పెట్టుకోగలిగాడు.

స్వీడన్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో ఇదే గట్టిగా చెప్పాడు. దమస్కుకు ముందు సౌలు లోలోపల కుమిలిపోతున్నాడు అన్నది లూథరు కాలంనుంచి మనం ఆయన మీద రుద్దిన ఊహ, ఆయన మనస్సాక్షి దిట్టంగానే ఉంది అన్నాడు. కార్యములు 23:1లో మహాసభ ముందు పౌలు కూడా నేటివరకు మంచి మనస్సాక్షితోనే నడిచానని అన్నాడు. ఆ మాటకే నోటిమీద కొట్టమని ఆజ్ఞ అయింది.

ఆసక్తికరమైనది (ఈ కాలం అర్థంలోనే) ఏంటంటే, "నీతిగా ఎంచబడెను" అన్నమాట ఇద్దరికి వాడారు, నమ్మిన అబ్రాహాముకి, పొడిచిన ఫీనెహాసుకి. రోమా 4 రాసేటప్పుడు పౌలు అబ్రాహామునే తీసుకున్నాడు. ఫీనెహాసు పేరు ఆయన పత్రికల్లో ఎక్కడా లేదు.

లాటిన్_మేష్టారు · 7:25

మునికోల సంగతి? "మునికోలలకు ఎదురు తన్నుట నీకు కష్టము" అని 26:14లో ఉంది. లోపల గుచ్చుకుంటున్నదనే కదా?

బెరయ_పాఠకుడు · 7:33

అది అప్పటి గ్రీకు సామెత మేష్టారూ. ఎద్దు ముల్లుకర్రను తన్నితే దెబ్బ ఎద్దుకే. నీకంటే బలమైనవాడితో పెట్టుకోకు అని. మనస్సాక్షి గుచ్చుకోవడం అని దాన్నుంచి లాగడం కష్టం.

వెన్నెల_78 · రాత్రి 9:05

రెండు రోజులుగా చదువుతున్నాను. అందరూ సౌలుకి ఏమి తెలియదు అన్నదాని గురించే మాట్లాడుతున్నారు. ఏమి తెలుసు అని ఎవరూ అడగలేదు.

ఆయనకు తెలియనిది ఒక్కటే, యేసు ఎవరో. మిగతా అంతా తెలుసు. కార్యములు 8:3 చదవండి, "ఇంటింట జొచ్చి, పురుషులను స్త్రీలను ఈడ్చుకొని పోయి". ఈడ్చుకుపోతున్నది ఆడమనిషిని అని తెలుసు. ఇంట్లో పొయ్యిమీద ఏదో ఉడుకుతుంటుందని తెలుసు. పిల్లలు ఏడుస్తారని తెలుసు. 26:11లో దేవదూషణ చేయమని బలవంతపెట్టాను అన్నాడు. ఆ మాట అనకముందు ఆ మనిషి ఎంతసేపు ఓర్చుకున్నాడో ఎదురుగా నిలబడి చూశాడు. దశరథుడు ఏనుగు అనుకున్నాడు. సౌలు ఎవరినీ ఏనుగు అనుకోలేదు.

స్తెఫను మొహం ఎలా ఉందో 6:15లో ఉంది, దేవదూత ముఖంలా అని. చచ్చిపోతూ "వారిమీద ఈ పాపము మోపకుము" అన్నాడు. బట్టలు పెట్టిన చోటికి ఆ కేక వినబడకుండా ఉంటుందా? గమలీయేలు మాట వినలేదు సరే. ఇది విన్నాడుగా. విన్న తరువాత కూడా ఇళ్ళ మీద పడ్డాడు.

అందుకే నాకు 13కీ 15కీ గొడవ లేదు. తెలియక అన్నది క్రీస్తు విషయంలో. ప్రధానుడను అన్నది ఆ ఇళ్ళ విషయంలో.

ప్లీడర్_రాజమండ్రి · 9:20

అమ్మా, ఈ పాయింటు నాకు తట్టి ఉంటే నిన్ననే కేసు ముగిసేది.

బెరయ_పాఠకుడు · 9:41

సిస్టర్, మీరు చెప్పాక రోమా 16:7 వేరేగా కనబడుతోంది. అంద్రొనీకు, యూనీయ. "నాకు బంధువులు", "నా తోడి ఖైదీలు", "నాకంటె ముందుగా క్రీస్తునందున్నవారు". బంధువులంటే రక్తసంబంధం కావచ్చు, సాటి యూదులని మాత్రమే కావచ్చు. కానీ సౌలు ఇళ్ళలో జొరబడుతున్న రోజులకే వాళ్ళు విశ్వాసులు. ఇప్పుడు వాళ్ళతో కలిసి జైల్లో కూర్చుని లేచినవాడు ఈ వందనాలు పంపుతున్నాడు. ఆ జైల్లో ఏం మాట్లాడుకున్నారో.

లాటిన్_మేష్టారు · 10:02

ఇంకో చేదు ముక్క చెప్పి ఊరుకుంటాను. 5వ శతాబ్దం మొదట్లో ఆఫ్రికాలో దొనాతీయులనే విడిపోయిన సంఘం వాళ్ళ మీద ప్రభుత్వ బలం వాడటాన్ని బిషప్ అగస్టీను సమర్థించాడు. ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి పౌలే. క్రీస్తు పౌలును నేలమీద పడగొట్టి, కళ్ళు పోగొట్టి, బలవంతపెట్టి, ఆ తరువాతే నేర్పాడు కదా, సంఘం కూడా అలాగే తప్పిపోయినవాళ్ళని బలవంతంగా తెస్తే తప్పేముంది అని. "ఎందుకు హింసిస్తున్నావు" అన్న ప్రశ్నతో మొదలైన కథ మళ్ళీ హింసకే పనికొచ్చింది. అగస్టీనుకీ మనస్సాక్షి శుభ్రంగానే ఉంది.

గోదావరి_గట్టు · 11:30

నేను ఇక్కడ పెద్దగా రాయను. ఇది మా ఇంటి సంగతి, ఊరు చెప్పను.

మా అమ్మమ్మ పెళ్ళయ్యాక నమ్ముకుంది. తాతయ్య ఏమీ అనలేదు గానీ ఆయన తమ్ముడు ఒప్పుకోలేదు. ఇంటి పరువు అన్నాడు. బైబిలు పొయ్యిలో పెట్టాడు. ఒక వానాకాలం రాత్రి ఆమెను చంటిపిల్లతో సహా బయట పెట్టి గడియ వేశాడు. ఆ చంటిపిల్ల మా అమ్మ. పదిహేనేళ్ళ తరువాత ఆయనే నమ్ముకున్నాడు. మంచి వక్త, కూటాలకు పిలిచేవారు. ప్రతి చోటా సాక్ష్యం చెప్పేవాడు, నేను సౌలులాంటివాణ్ణి, ఒక విశ్వాసురాలిని వానలో గెంటేశాను, తెలియక చేశాను, ప్రభువు కనికరించాడు అని. జనం అల్లెలూయా అనేవారు. అమ్మమ్మ వెనక వరసలో చాప మీద కూర్చుని వినేది. "ఒక విశ్వాసురాలు" తనేనని ఆ పందిట్లో సగంమందికి తెలుసు.

ఒకసారి నేను అడిగాను, నీకు కోపం రాదా అని. "క్షమించాను రా. కానీ ఆయన ప్రభువుతో చెప్పాడు, మీటింగులో చెప్పాడు, నాతో చెప్పలేదు" అంది. వెన్నెల గారి పోస్టు చదివితే అది గుర్తొచ్చింది.

సీయోను_బ్రదర్ · 11:47

బ్రదర్, ఏం చెప్పాలో తెలియడం లేదు. నేనూ కూటాల్లో సాక్ష్యం చెబుతుంటాను.

కాకినాడ_కెరటం · మంగళవారం ఉదయం 6:15

రాత్రి నిద్రపట్టలేదు. పాఠం మార్చేస్తున్నాను. 1 తిమోతి చివర్లో చదువుతాం. ముందు పిల్లల చేత 8:3 చదివిస్తాను, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరెవరో వాళ్ళనే చెప్పమంటాను. తరువాత 9:17. అననీయ చేతులుంచి "సౌలా, సహోదరుడా" అన్నాడు. ఇప్పటిదాకా ఆ వచనం పౌలు కథగా చదివాను. ఆ మాట అనడానికి అననీయకి ఏమైందో ఆలోచించలేదు. సౌలు తెచ్చిన పత్రికలు అననీయ లాంటివాళ్ళ కోసమే కదా.

గోదావరి గట్టు గారూ, ఒకటి అడగవచ్చా? మీ చిన్న తాతయ్య తరువాతైనా అమ్మమ్మతో మాట్లాడారా?

గోదావరి_గట్టు · 8:20

ఒక్కసారి వచ్చాడు, తాతయ్య పోయిన తరువాతి నెలలో. మాట్లాడాడని చెప్పలేను. అరుగు మీద కూర్చున్నాడు. అమ్మమ్మ కాఫీ ఇచ్చింది. చాలాసేపు ఆ గడియ వైపు చూస్తూ ఉన్నాడట. తాగాక గ్లాసు తనే పంపు దగ్గర కడిగి, బోర్లించి వెళ్ళాడు. మా ఇళ్ళలో మగవాళ్ళు గ్లాసు కడగరు. అమ్మమ్మ ఆ గ్లాసు సంగతి పోయేదాకా చెబుతూనే ఉండేది.